గొంతు నొప్పికి మందు ఎవరికి?

గొంతు నొప్పి మొదలైందంటే మనవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఏ యాంటీబయాటిక్ వేసుకుంటే తొందరగా తగ్గుతుంది? ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టర్ని అడిగినా, పట్నంలో మెడికల్ షాపులో అడిగినా అడిగేది ఇదే. చాలాసార్లు జవాబుగా మూడు అజిత్రోమైసిన్ మాత్రలున్న పట్టీ చేతికొస్తుంది. వేసుకున్నాక మూడు నాలుగు రోజుల్లో నొప్పి పోతుంది కూడా. మరోసారి గొంతు పట్టేస్తే అదే మాత్ర, పక్కింటివాళ్ళకు వస్తే వాళ్ళకూ అదే సలహా. ఈ నమ్మకం అనుభవం మీద కట్టుకున్నదే, కానీ ఆ అనుభవాన్ని మనం చదువుతున్న తీరులోనే లోపం ఉంది. గొంతు నొప్పిలో యాంటీబయాటిక్ చేయగల గొప్ప పని ఒకటి నిజంగానే ఉంది. ఆ పని గొంతులో జరగదు, గుండెలో జరుగుతుంది. ఈ సంగతి పట్టుబడితే మందు ఎవరికి, ఏ మందు, ఎన్నాళ్ళు అనే మూడు ప్రశ్నలకూ జవాబులు మారిపోతాయి.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

అద్దం ముందు నోరు బాగా తెరిచి టార్చి వేసుకుంటే నాలుక వెనక పైనుంచి వేలాడే కొండనాలుక కనిపిస్తుంది. దానికి అటూ ఇటూ రెండేసి మడతల మధ్య ఇమిడి ఉన్న కండలే టాన్సిల్స్. వాటి వెనక గోడలా ఉండే భాగం గ్రసని, డాక్టర్లు ఫారింక్స్ అనేది దాన్నే. గాలి, నీరు, తిండి అన్నీ పోయే దారి ఇది. వాటితోపాటు సూక్ష్మజీవులూ పోతాయి కాబట్టి ఒంటి రక్షణ కణాలు ఇక్కడ ఒక వలయంలా పేరుకుని ఉంటాయి. పక్కల టాన్సిల్స్, పైన ముక్కు వెనక అడినాయిడ్లు, కింద నాలుక మొదట్లో అలాంటిదే మరో ముద్ద. 19వ శతాబ్దపు జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు వాల్డయర్ పేరుతో దీన్ని వాల్డయర్ వలయం అంటారు. టాన్సిల్ పైభాగం నున్నగా ఉండదు, లోతైన గుంటలతో ఉంటుంది. వచ్చిన క్రిములు ఆ గుంటల్లో చిక్కుతాయి, తెల్ల రక్తకణాలు వాటిని గుర్తుపట్టి ఎదురుదాడికి సిద్ధమవుతాయి. టాన్సిల్స్ ఎర్రబడి వాచాయంటే అక్కడ ఈ పని జోరుగా సాగుతోందని అర్థం.

క్రిములు గొంతు పొరను కొరికేస్తున్నందువల్లే నొప్పి అనుకుంటాం. జలుబుకు ముఖ్య కారణమైన రైనోవైరస్ విషయంలో ఇది నిజం కాదు. ఆ వైరస్ పొరను పెద్దగా దెబ్బతీయదు, అయినా గొంతు మండుతుంది. ఎందుకంటే వైరస్ చొరబడగానే మన ఒళ్ళే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వాపు తెస్తుంది, నొప్పి నరాలను రేపుతుంది. 1980లలో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొందరు వలంటీర్ల ముక్కులోకి ఏ వైరసూ లేకుండా ఒట్టి బ్రాడికైనిన్‌నే పంపి చూశారు. ముక్కు దిబ్బడ వేసింది, గొంతు నొప్పి కూడా వచ్చింది. దీనికి తోడు ప్రోస్టాగ్లాండిన్లు అనే మరో జట్టు పదార్థాలు ఆ నరాలను ఇంకా సున్నితం చేస్తాయి. అందుకే మామూలుగా తెలియకుండా జరిగిపోయే గుటక కూడా అప్పుడు ముల్లు దిగినట్టు తెలుస్తుంది. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకునే నొప్పి తగ్గిస్తుందని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నది ఈ కృషికే.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. నొప్పి మన ఒంటి ప్రతిస్పందన కాబట్టి దాన్ని నేరుగా తగ్గించేవి నొప్పి మాత్రలు. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుందే తప్ప బ్రాడికైనిన్ జోలికి పోదు. రెండోది, గొంతు నొప్పికి కారణం ఎక్కువ సార్లు బాక్టీరియా కానే కాదు. రైనోవైరస్, అడినోవైరస్, ఇన్‌ఫ్లూయెంజా, కరోనా కుటుంబపు వైరస్‌లు, కుర్రవాళ్ళలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఈ పనిలో ముందుంటాయి. ఇవి కాక పొగ, రాత్రంతా నోటితో గాలి పీల్చడం, కడుపులో పుల్లటి రసం పైకి తన్నడం, గొంతు చించుకుని అరవడం కూడా నొప్పి తెస్తాయి. డాక్టర్లు ప్రత్యేకంగా వెతికే బాక్టీరియా గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్. దీన్ని క్లుప్తంగా స్ట్రెప్ అందాం. గొంతు నొప్పితో వచ్చే పెద్దల్లో నూటికి 5 నుంచి 15 మందిలో, పిల్లల్లో 20 నుంచి 30 మందిలో ఇది కారణమవుతుంది. మిగిలినవాళ్ళలో దాదాపు అందరికీ యాంటీబయాటిక్‌తో పనే లేదు.

తగ్గడం వేరు, తగ్గించడం వేరు

మరి మాత్ర వేసుకున్న ప్రతిసారీ తగ్గుతోంది కదా? ఇది బలమైన అభ్యంతరమే. దీనికి జవాబు గొంతు నొప్పి నడకలో ఉంది. మొదటి రోజు గరగరగా ఉంటే ఉప్పునీళ్ళతో సరిపెట్టుకుంటాం. రెండో రోజు మింగుడు పడకపోయినా ఓపిక పడతాం. మూడో రోజు ఇక తట్టుకోలేక మందుకు వెళతాం. అంటే మాత్ర మొదలుపెట్టేది నొప్పి శిఖరానికి చేరిన రోజున. అక్కణ్ణుంచి అది దిగాల్సిందే. వానలు ఆలస్యమైతే మన పల్లెల్లో రోకలికి వేపమండలతో కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పి బిందెలతో నీళ్ళు పోయించే కప్పతల్లి ఆట ఒకటుంది. అది ఆడేది ఎదురుచూపు భరించలేని స్థితికి వచ్చాకే, అంటే వానలు రావడానికి ఎక్కువ రోజులు మిగలనప్పుడే. అందుకే ఆట ముగిసిన కొద్ది రోజులకు తరచుగా వాన పడుతుంది, పేరు కప్పకు దక్కుతుంది. మూడో రోజు వేసుకున్న మాత్రకు దక్కే పేరూ ఇలాంటిదే.

ఈ మాట నిజమో కాదో తేల్చాలంటే ఒకే రకం రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు యాంటీబయాటిక్, రెండో గుంపుకు అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చాలి. అలాంటి ప్రయోగాలు గత డెబ్బై ఏళ్ళలో చాలా జరిగాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్షలో ఏ యాంటీబయాటిక్ తీసుకోనివాళ్ళలోనూ 82 శాతం మందికి వారంలోపు నొప్పి పోయింది. యాంటీబయాటిక్ తీసుకున్నవాళ్ళకు అంతకంటే ముందే తగ్గిన మాట నిజమే. ఆ ముందు అనేది సగటున ఎంత? సుమారు 16 గంటలు. ఈ ప్రయోగాల్లో చేరినవాళ్ళలో స్ట్రెప్ ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు లాభం కాస్త ఎక్కువే దక్కింది. వైరస్ వల్ల వచ్చిన నొప్పిని మాత్రమే విడదీసి చూస్తే లాభానికి ఆస్కారమే లేదు, ఎందుకంటే వైరస్ మీద ఈ మందులు పనిచేయవు.

రోజు కూలి మీద బతికేవాళ్ళకు ఆ 16 గంటలూ విలువైనవే కదా అని ఎవరైనా అనవచ్చు. అనదగ్గ మాటే. అయితే ఆ మనిషికి కావలసింది రేపు పొద్దున గుటక మింగగలిగి, జ్వరం లేకుండా పనికి వెళ్ళడం. ఆ పని రూపాయి రెండు రూపాయల పారాసిటమాల్ మాత్ర గంటలోపే మొదలుపెడుతుంది. యాంటీబయాటిక్ పట్టీకి పెట్టే ఖర్చు ఈ అవసరాన్ని తీర్చడంలో వెనకబడుతుంది.

వయోమింగ్ బారకాసుల్లో తేలిన సంగతి

ఇంతవరకూ చదివితే యాంటీబయాటిక్‌కు గొంతు నొప్పిలో చోటే లేదనిపిస్తుంది. అది పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా సైన్యాన్ని బాగా వేధించిన జబ్బుల్లో రుమాటిక్ జ్వరం ఒకటి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కిక్కిరిసిన బారకాసుల్లో పడుకునేవాళ్ళు, స్ట్రెప్ గొంతు నొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకేది. రెండు మూడు వారాల తరవాత వాళ్ళలో కొందరికి కీళ్ళు వాచేవి, జ్వరం తిరగబెట్టేది, గుండె దెబ్బతినేది. వయోమింగ్ రాష్ట్రంలోని వారెన్ వైమానిక స్థావరంలో చార్ల్స్ రామెల్‌క్యాంప్ నాయకత్వంలో ఒక పరిశోధనశాల పెట్టి ఈ గొలుసును తెంచే దారి వెతికారు. టాన్సిల్స్ మీద చీము పట్టిన జవాన్లను రెండు గుంపులు చేశారు. గుంపుకు సుమారు 800 మంది. ఒక గుంపుకు పెన్సిలిన్ సూదులు ఇచ్చారు, రెండో గుంపుకు ఇవ్వలేదు. 1950లో వెలువడిన ఫలితం ఇది: మందు ఇవ్వని గుంపులో 17 మందికి రుమాటిక్ జ్వరం వచ్చింది, ఇచ్చిన గుంపులో ఇద్దరికే వచ్చింది. గొంతు నొప్పిలో యాంటీబయాటిక్ అసలు విలువ అక్కడ బయటపడింది.

గొంతులో క్రిమి చేరితే గుండెకు ఎందుకు ముప్పు? స్ట్రెప్ తన ఒంటి మీద ఎం ప్రోటీన్ అనే పోగులను కప్పుకుని ఉంటుంది. ఈ ప్రోటీన్ మీద, స్ట్రెప్ జాతుల వర్గీకరణ మీద న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ జీవితమంతా పనిచేసింది. 1933లో ఆమె చేసిన వర్గీకరణలోదే ఈ గ్రూప్ ఎ అనే పేరు. స్ట్రెప్ పదార్థాల్లోని కొన్ని భాగాలకు మన గుండె కండరంలో, కవాటాల్లో ఉండే కొన్ని ప్రోటీన్లతో పోలిక ఉంది. స్ట్రెప్ కోసం తయారైన రక్షణ కణాలు, ప్రతిరక్షకాలు కొందరిలో ఆ పోలిక వల్ల తడబడి సొంత గుండె మీదికే తిరుగుతాయి. ఎక్కువగా దెబ్బతినేది ఎడమ వైపు ఉండే ద్విపత్ర కవాటం, వాడుకలో మైట్రల్ వాల్వు. జ్వరం తగ్గుతుంది, కీళ్ళ వాపు మచ్చ లేకుండా పోతుంది, కవాటం మీది మచ్చ మాత్రం మిగులుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది బిరుసెక్కి ఇరుకవుతుంది. పది పన్నెండేళ్ళప్పుడు ఒక అమ్మాయికి వచ్చిన గొంతు నొప్పి ఫలితం ఆమె గర్భిణి అయి, గుండె మీద భారం పెరిగి, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు బయటపడటం మన డాక్టర్లకు కొత్త కాదు. బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేయడం, లేదా కవాటమే మార్చడం, లోహపు కవాటమైతే ఆపైన జీవితాంతం రక్తం పలచబరిచే మాత్రలు. ఆరోగ్యశ్రీ ఆ ఆపరేషన్ ఖర్చు భరించినా ఆ జీవితాన్ని మోయాల్సింది మనిషే.

వారెన్ పరిశోధకులే 1954 నాటికి ఇంకో ముఖ్యమైన సంగతి చూపించారు. నొప్పి మొదలైన తొమ్మిదో రోజున పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. గుండె మీదికి మళ్ళే రక్షణ వ్యవస్థ అంత తీరిగ్గా కదులుతుంది. అందుకే గొంతు నొప్పి వచ్చిన పూటే మాత్ర మింగాలన్న తొందరకు ఆధారం లేదు. చూసి, ఆలోచించి, వీలైతే పరీక్ష చేయించి నిర్ణయించుకునే వ్యవధి మన చేతిలో ఉంది.

ఆ కొందరిని గుర్తుపట్టడం

కాబట్టి అసలు పని ఏ గొంతులో స్ట్రెప్ ఉందో కనిపెట్టడం. అమెరికాలోని వర్జీనియాలో రాబర్ట్ సెంటర్ అనే డాక్టర్ 1981లో దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు. టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు, దవడ కింద మెడ ముందు భాగంలో బిళ్ళలు కట్టి నొక్కితే నొప్పి పుట్టడం, జ్వరం, దగ్గు లేకపోవడం. నాలుగోది చదివి చాలామంది ఆశ్చర్యపోతారు. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురు, కళ్ళ కలక ఇవన్నీ వైరస్ వైపు చూపే వేళ్ళు. స్ట్రెప్ సాధారణంగా గొంతుకే పరిమితమై అక్కడే గట్టిగా కూర్చుంటుంది. ఈ నాలుగు గుర్తుల్లో ఒక్కటీ లేని పెద్దల్లో స్ట్రెప్ నూటికి రెండు మూడు మందిలోనే దొరికింది. మూడు ఉంటే 32 మందిలో, నాలుగూ ఉంటే 56 మందిలో దొరికింది. తరవాత కెనడాకు చెందిన మెక్ఐజాక్ వయసును కూడా లెక్కలోకి తెచ్చాడు. 3 నుంచి 14 ఏళ్ళవాళ్ళకు ఒక మార్కు కలపాలి, 45 దాటినవాళ్ళకు ఒకటి తీసేయాలి.

ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. మార్కులు తక్కువ ఉంటే స్ట్రెప్ లేదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. ఎక్కువ ఉంటే మాత్రం ఉందని అదే ధైర్యంతో చెప్పలేం, నాలుగు గుర్తులూ ఉన్నచోట కూడా దాదాపు సగం మందికి అది లేదు. చీము కనిపించగానే బాక్టీరియా అని తేల్చేయడం కూడా తొందరే, అడినోవైరస్, ఎప్‌స్టీన్-బార్ వైరస్ రెండూ టాన్సిల్స్ మీద తెల్లటి పూత తెస్తాయి. అనుమానం బలంగా ఉన్నచోట పరీక్ష అక్కరకు వస్తుంది. దూది చుట్టిన పుల్లతో రెండు టాన్సిల్స్‌నూ, వెనక గోడనూ గట్టిగా తుడిచి తీస్తారు. ఒక క్షణం వాంతి వచ్చినట్టవుతుంది, అంతే. తక్షణ పరీక్ష కిట్టు అయితే నిమిషాల్లో ఫలితం చెబుతుంది. కల్చర్ అయితే ఆ పుల్లను గొర్రె రక్తం కలిపిన ఎర్రటి పళ్ళెం మీద రాసి వెచ్చగా ఉంచుతారు. స్ట్రెప్ ఉంటే ఒకటి రెండు రోజుల్లో సన్నటి చుక్కలు మొలిచి, ప్రతి చుక్క చుట్టూ రక్తం కరిగిపోయి తేటగా కనిపిస్తుంది. అలాగని ముక్కు కారుతూ దగ్గుతున్న ప్రతి పిల్లవాడికీ ఈ పరీక్ష చేయకూడదు. ఏ జబ్బూ లేకుండానే గొంతులో స్ట్రెప్‌ను మోసే పిల్లలు ఉంటారు, వాళ్ళకు వైరస్ జలుబు వచ్చినప్పుడు పరీక్ష చేస్తే అమాయకమైన స్ట్రెప్ మీద నేరం పడుతుంది.

స్ట్రెప్ అని తేలితే, లేదా తేల్చుకునే వీలు లేక డాక్టర్ అలా నిర్ణయిస్తే, మందు పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్. పది రోజులు. లేదంటే బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కటి. రెండో రోజుకే నొప్పి తగ్గుముఖం పడుతుంది కాబట్టి పది రోజులెందుకన్నది అందరికీ వచ్చే సందేహం. ఇక్కడ మందు గురి నొప్పి మీద లేదు, గొంతులో స్ట్రెప్ ఒక్కటి కూడా మిగలకుండా చేయడం మీద ఉంది. తక్కువ రోజులు వాడితే మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. అజిత్రోమైసిన్‌ను పెన్సిలిన్ పడనివాళ్ళ కోసం పక్కన పెట్టుకోవాలి, దానికి లొంగని స్ట్రెప్ మన దేశంతో సహా చాలాచోట్ల కనిపించింది. మూడు మాత్రల పట్టీ అలవాటులో ఉన్న చిక్కు ఇదే. అవసరం లేని ఎక్కువ మందికి అది అనవసరం, అవసరమున్న తక్కువ మందికి అది సరైన ఎంపిక కాదు.

ఎందుకైనా మంచిదని అందరికీ ఇస్తే?

గుండెకు ముప్పుందని తెలిశాక ఎవరికైనా తోచేది ఇదే: ఎవరిలో ఉందో వెతకడం ఎందుకు, అందరికీ ఇచ్చేస్తే పోలేదా? గొంతులో చీము గడ్డ కట్టడం లాంటి ఉపద్రవాలను కూడా ఇది ఆపుతుందని వాదించేవాళ్ళున్నారు. ఆపుతుంది, కానీ అవి చాలా అరుదు. బ్రిటన్‌లో లక్షల కొద్దీ రోగుల రికార్డులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గొంతు నొప్పి తరవాత వచ్చే అలాంటి ఒక్క ఉపద్రవాన్ని ఆపడానికి 4,000 మందికి పైగా యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఆ వేలమందిలో కొందరికి విరేచనాలు, కొందరికి దద్దుర్లు, ఎక్కడో ఒకరికి ప్రమాదకరమైన అలర్జీ తప్పవు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ గొంతు నొప్పిలో అమాక్సిసిలిన్ వేస్తే చాలామందికి ఒళ్ళంతా ఎర్రటి దద్దు లేస్తుంది. అది నిజమైన అలర్జీ కాకపోయినా ఆ మనిషికి పెన్సిలిన్ పడదన్న ముద్ర పడిపోతుంది. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మంచి మందు అందకుండా పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి వైద్యం చూసి పుట్టిందే అనిపిస్తుంది.

ఇంకాస్త సూక్ష్మమైన అభ్యంతరం ఒకటుంది. దశాబ్దాలుగా ఇంతగా వాడుతున్నా పెన్సిలిన్‌కు లొంగని స్ట్రెప్ రోగుల్లో ఇంతవరకూ స్థిరపడలేదు, అలాంటప్పుడు వాడకం పెరిగితే నష్టమేమిటి? నష్టం స్ట్రెప్ దగ్గర జరగదు. మింగిన మాత్ర గొంతుకే పోదు, పేగుల్లో, ముక్కులో, చర్మం మీద కాపురముండే కోట్ల కొద్దీ బాక్టీరియాను తాకుతుంది. వాటిలో మందును తట్టుకున్నవి బతికి పెరుగుతాయి. రేపటి మూత్రనాళ ఇన్ఫెక్షనో, న్యుమోనియానో వాటి నుంచే రావచ్చు. అజిత్రోమైసిన్ సంగతి మరీ విచారకరం. మన దేశంలో టైఫాయిడ్ క్రిమి సిప్రోఫ్లాక్సాసిన్‌కు చాలావరకు లొంగడం మానేసింది. నోటితో వేసుకోవడానికి మిగిలిన కొద్ది మందుల్లో అజిత్రోమైసిన్ ముఖ్యమైనది. దానికీ లొంగని టైఫాయిడ్ క్రిములను బంగ్లాదేశ్ పరిశోధకులు 2019లో ప్రకటించారు. టైఫాయిడ్ కోసం దాచుకోవాల్సిన మందును వైరస్ గొంతు నొప్పుల మీద ఖర్చు పెడుతున్నాం.

మూడో అభ్యంతరం మన పరిస్థితులకు సంబంధించింది, దానికి బరువు ఎక్కువ. బ్రిటన్‌లో రుమాటిక్ జ్వరం దాదాపు కనుమరుగైంది కాబట్టి అక్కడి డాక్టర్లు వేచి చూడగలరు. మన దగ్గర అది ఇంకా పోలేదు, మండల కేంద్రాల్లో గొంతు పరీక్షా దొరకదు. నిజమే. అందుకే పెద్దలకూ పిల్లలకూ ఒకే కొలత పెట్టకూడదు. రుమాటిక్ జ్వరం ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ మధ్య పిల్లల జబ్బు. ఆ వయసు పిల్లవాడికి జ్వరం, చీము, మెడలో బిళ్ళలు ఉండి దగ్గు, జలుబు లేకపోతే పరీక్ష లేకున్నా పెన్సిలిన్ మొదలుపెట్టడం సమంజసమే. న్యూజీలాండ్‌లో ఈ జబ్బు మావోరీ, పసిఫిక్ దీవుల పిల్లల్లో ఎక్కువ. అక్కడ 2011 నుంచి బడుల్లోనే గొంతు పరీక్షలు చేసి మందు ఇచ్చే కార్యక్రమం నడిపారు. అంటే ముప్పు ఎక్కువున్నచోట వల వెడల్పుగా వేశారు, ప్రతి గొంతు మీదా వేయలేదు. ముక్కు కారుతూ దగ్గుతున్న నలభై ఏళ్ళ మనిషికి ఈ వాదన వర్తించదు.

గొంతు నొప్పికి మందు సరిగా ఇస్తే రుమాటిక్ జ్వరం మొత్తం పోతుందనుకోవడమూ అతిశయమే. ఆ జ్వరం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి అంతకుముందు గొంతు నొప్పి వచ్చిన జ్ఞాపకమే ఉండదు. ఐరోపాలో ఈ జబ్బు పెన్సిలిన్ రాకముందే తగ్గుముఖం పట్టింది, ఇళ్ళలో ఇరుకు తగ్గడం దానికొక ముఖ్య కారణం. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూదిని ఏళ్ళ తరబడి తప్పకుండా ఇవ్వడం ఇంకో కాపలా. ఒక గదిలో ఇరవై మంది పిల్లలు పడుకునే హాస్టల్లో మంచాల మధ్య దూరం పెంచడం కూడా గుండె వైద్యమే.

నొప్పికి ఏం చేయాలి?

యాంటీబయాటిక్ అవసరం లేదంటే వైద్యమే అవసరం లేదని కాదు. పారాసిటమాల్ పెద్దలకు 500 నుంచి 1,000 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకుండా. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క. జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ వేసుకుంటే తెలియకుండానే మోతాదు రెట్టింపయి కాలేయం మీద పడుతుంది. ఐబుప్రొఫెన్ గొంతు నొప్పిని బాగానే తగ్గిస్తుంది, కానీ వానాకాలంలో జ్వరంతో ఉన్నవాళ్ళు డెంగీ కాదని తేలేదాకా దాన్ని ముట్టుకోకపోవడం మంచిది, అది రక్తస్రావ భయాన్ని పెంచుతుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇంటి వైద్యాలను ఒకే గాటన కట్టి నమ్మనూ అక్కర్లేదు, కొట్టిపారేయనూ అక్కర్లేదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వాచిన పొర నుంచి కొంత నీరు బయటికి లాగుతుంది, జిగురు వదులుతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. క్రిములను చంపుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. అయితే ఎడిన్‌బరోలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఉప్పునీటితో ముక్కు కడుక్కుని పుక్కిలించినవాళ్ళకు జలుబు రెండు రోజులు ముందే తగ్గింది. అతిమధురం కషాయంతో పుక్కిలిస్తే, ఆపరేషన్‌లో గొట్టం పెట్టినందువల్ల వచ్చే గొంతు నొప్పి తగ్గుతుందని మన దేశంతో సహా కొన్నిచోట్ల ప్రయోగాల్లో తేలింది. వైరస్ నొప్పికీ అది అలాగే పనిచేస్తుందని దీన్నిబట్టి తేల్చలేం. బుగ్గన కరక్కాయ పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతు తడిగా ఉంటుంది. మిరియాల చారు, శొంఠి కాఫీ, తేనె చేసే మేలులో పెద్ద భాగం ఆ వెచ్చదనం, ఆ తడి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. చల్లని నీళ్ళ వల్లే గొంతు పట్టేసిందన్న తగాదా కూడా ఇంకా తేలలేదు. బ్రిటన్‌లోని జలుబు పరిశోధన కేంద్రంలో చలిలో నిలబెట్టినా జలుబులు పెరగలేదు, 2005లో కార్డిఫ్‌లో పాదాలు చన్నీళ్ళలో ఉంచినవాళ్ళకు మాత్రం ఎక్కువగా వచ్చాయి. నొప్పి వచ్చాక అయితే చల్లనిదైనా వెచ్చనిదైనా మింగడానికి హాయిగా ఉన్నదే మంచిది, టాన్సిల్స్ తీసిన పిల్లలకు డాక్టర్లే ఐస్‌క్రీమ్ పెట్టమంటారు.

ఆగకూడని సందర్భాలు

వేచి చూడవచ్చన్న మాట అందరికీ వర్తించదు. ఉమ్ము కూడా మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తున్నా, నోరు తెరుచుకోకపోయినా, నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు మాట మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గొంతులో చీము గడ్డో, శ్వాసనాళం మూతకు వాపో అయి ఉండవచ్చు. అలాంటి పిల్లవాడి నోట్లోకి చెంచా పెట్టి చూడబోవడం ప్రమాదం. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర తోలులా అంటుకుని, తుడవబోతే రక్తం వచ్చి, మెడ వాచిపోతే అది డిఫ్తీరియా కావచ్చు. పాతవాళ్ళు కంఠసర్పి అనేవాళ్ళు. ఇది పాతకాలపు జబ్బు అనుకుంటాం కానీ హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ శతాబ్దంలోనూ ఆ కేసులను చూసింది. దీనికి విషాన్ని విరిచే యాంటీటాక్సిన్ గంటల్లో అందాలి. రాకుండా చూసేది టీకా: 6, 10, 14 వారాలకు, ఏడాదిన్నర ప్రాంతంలో, 5-6 ఏళ్ళకు, ఆ తరవాత 10, 16 ఏళ్ళకు. చాలా ఇళ్ళలో మరిచిపోయేది ఆ చివరి మోతాదులనే. థైరాయిడ్ ఎక్కువైనందుకు కార్బిమజోల్ వాడుతున్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు గొంతు నొప్పి, జ్వరం కలిసి వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించుకోవాలి, తెల్ల కణాలు పడిపోయి ఉండవచ్చు. మూడు వారాలు దాటిన నొప్పి గానీ, గొంతు బొంగురు గానీ ఉంటే, ముఖ్యంగా పొగాకు, గుట్కా అలవాటున్నవాళ్ళు, ఇ.ఎన్.టి. డాక్టర్ చేత గొంతు లోపల చూపించుకోవాలి.

ఇవేవీ లేకపోతే నిర్ణయం తేలికే. దగ్గు, జలుబు తోడుగా ఉంటే నొప్పి మాత్రతో వారం ఓపిక పట్టడమే వైద్యం. అవి లేకుండా జ్వరం, చీము, మెడలో బిళ్ళలు ఉంటే, అందులోనూ బడి ఈడు పిల్లలైతే, డాక్టర్‌కు చూపించి, అవసరమన్నప్పుడు పెన్సిలిన్‌ను పదో రోజు దాకా వాడాలి. ఇలా చేస్తే మొత్తం మీద వాడే యాంటీబయాటిక్‌లు చాలా తగ్గుతాయి, గుండెను కాపాడేవి మాత్రం ఇప్పటికంటే ఎక్కువ మందికి అందుతాయి. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనని చూపించడానికే ఇంత లెక్క.